ఇంట్లో వాళ్లను బయట కూర్చోబెట్టి ఏమడుగుతారు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. గర్భం, కాన్పు, పిల్లలు వద్దనుకోవడం, వాటి వెనక ఇంట్లో జరిగే కొట్లాటలు, వాటిని లెక్కగట్టే సర్వేలు. పబ్లిక్ హెల్త్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, సర్వేలకు వెళ్లే అమ్మాయిలకు శిక్షణ ఇచ్చినదాన్ని కాబట్టి ఎడిటర్ గారు అన్నీ నాకే పంపారు. పేర్లు, ఊర్లు తీసేశాను. జిల్లా మాత్రం ఉంచాను, అదీ ఒకటి రెండు చోట్ల మార్చాను. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

*

ప్రశ్న: అమ్మా, పోయిన నెల మా ఇంటికి ట్యాబ్‌లు పట్టుకొని ఇద్దరు ఆడపిల్లలు వచ్చినారు. ఆరోగ్య సర్వే అన్నారు. నాతో, నా కొడుకుతో కాసేపు మాట్లాడి, "మీ కోడలితో విడిగా మాట్లాడాల" అని మమ్మల్ని బయట కూర్చోబెట్టినారు. గంట పట్టింది. ఏమడిగినారే అంటే కోడలు "పిల్లోళ్లకు టీకాలు వేయించినామా అని" అంటాది. టీకాల ముచ్చటకు గంటా? మా ఇంట్లో నుంచి మమ్మల్నే బయటికి పొమ్మనడానికి వాళ్లెవరు? ఈసారి వస్తే గడప తొక్కనీయకూడదని అనుకుంటున్నా.
— ఒక అత్త, అనంతపురం జిల్లా

అక్కా, మీ కోపం నాకు అర్థమైంది. ఎండలో వచ్చినారని మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాత మన అరుగు మీద మనమే పరాయివాళ్లలా కూర్చోవాల్సి వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయితే మీ కోడలిని ఏమడిగారో నాకు తెలీదు. తెలిసినా చెప్పను.

గంట పట్టడంలో వింతేమీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది, 1992-93లో మొదలైంది. 2019-21లో జరిగింది ఐదోది. దేశమంతటా ఆరు లక్షల పైచిలుకు ఇళ్లు తిరిగి, ఏడు లక్షలకు పైగా ఆడవాళ్లతో మాట్లాడారు. పెళ్లి ఏ వయసులో అయింది, ఎన్ని కాన్పులు, ఎన్ని నిలవలేదు, ఏ బిడ్డకు ఎప్పుడు ఏ టీకా, ఆపరేషన్ చేయించుకున్నారా, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ మీద వండుతారా కట్టెల మీదా, ఇలా వందల ప్రశ్నలు. వేలికి సూది గుచ్చి రక్తం ఎంతుందో కూడా చూశారు. చిన్న చితకా సర్వేలు కూడా కొంచెం అటూ ఇటూగా ఇదే దారిలో నడుస్తాయి. ఇంకొకటి, అన్ని ప్రశ్నలూ అన్ని ఇళ్లలో అడగరు. కొన్ని కొన్ని ఇళ్లలోనే అడుగుతారు. ఆ ఇళ్లలో కూడా ఎంతమంది ఆడవాళ్లున్నా ఒక్కరినే, ఎవరిని అడగాలో కూడా లాటరీ పద్ధతిలో ముందే తేలిపోతుంది. కాబట్టి ఈ పేజీలో మిగతా ఉత్తరాలు చదివి "మా కోడలినీ ఇవే అడిగి ఉంటారు" అని మీరు అనుకోవడానికి లేదు. ఏ ఇంట్లో ఏమడిగారో ఊళ్లో ఎవరూ ఊహించలేకుండా ఉండాలనే అలా పెట్టారు.

ఒంటరిగా ఎందుకు? మీరు పక్కన ఉండగా "నీకు ఎన్ని కాన్పులు పోయినాయమ్మా" అని అడిగితే ఆ పిల్ల ముందు మీ ముఖం చూసి తర్వాత నోరు తెరుస్తుంది. మీరు మంచివాళ్లు కాదని కాదు. మనం కోడళ్లుగా ఉన్నప్పుడు మన అత్త ముందు ఏం చెప్పామో గుర్తు తెచ్చుకోండి. నెల తప్పిన సంగతే మూడో మనిషితో చెప్పించేవాళ్లం. పల్లెల్లో విడి గది దొరకడమే పెద్ద పని. రెండు అర్రల ఇల్లు, వాకిట్లో మంచం, పిల్లలు, పక్కింటివాళ్లు. నేను శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు ఇంటర్వ్యూలు పశువుల కొట్టంలో, మిద్దె మీద, బోరు దగ్గర చేసినవాళ్లే. ఒకమ్మాయి లోపల మాట్లాడుతుంటే ఇంకో అమ్మాయి వాకిట్లో పెద్దామె పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలిచి పెట్టేది. పని పూర్తయ్యేసరికి చాట నిండేది, పెద్దామె ఇద్దరికీ చెరో గుప్పెడు పెట్టి పంపేది.

ఇక మీ హక్కు సంగతి. ఇంట్లోకి ఎవరొచ్చినా గుర్తింపు కార్డు చూపమనండి. ఏ సంస్థ, ఎవరి అనుమతి, రక్తం తీస్తే దాన్ని ఏం చేస్తారు, ఫిర్యాదు చేయాలంటే ఏ ఫోను నంబరు, అన్నీ అడగండి. అడగకపోతే ఏమవుతుందో మనం చూశాం. 2009లో, మన రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు, ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని బడి పిల్లలకు ప్రయోగాత్మకంగా టీకా వేశారు. హాస్టళ్లలో చాలామంది పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. తప్పుపట్టింది ముఖ్యంగా ఆ అనుమతుల తీరును. కాబట్టి అడగడం మీ హక్కే. కానీ జవాబు చెప్పాలా వద్దా అన్నది మీ కోడలి హక్కు. ఆమెకు 18 నిండి ఉంటే ఆమె తరఫున మీరు సరే అనడానికీ లేదు, వద్దనడానికీ లేదు. ఇష్టం లేకపోతే ఆమే మధ్యలో లేచి వచ్చేయొచ్చు.

కోడలు టీకాలు అంటే టీకాలే అనుకొని వదిలేయండక్కా. మీకు కూతురుంటే ఆమె కూడా ఏదో ఊళ్లో ఇలాగే ఒక అర్రలో కూర్చుని మాట్లాడుతుంటుంది. అక్కడ అరుగు మీద ఉన్న పెద్దామె కూడా గుచ్చి గుచ్చి అడగకుండా ఉంటే బాగుండునని మీకే అనిపిస్తుంది.

*

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. గర్భిణులపై గృహహింస అనే అంశం థీసిస్‌కు తీసుకున్నాను. అసలు అధ్యయనానికి ముందు చేసే చిన్న పైలట్‌లో ఓపీకి వచ్చినవాళ్లను "మీ ఇంట్లో గృహహింస ఉందా?" అని అడిగితే అందరూ లేదన్నారు. ఒకామెకు చెంప వాచి ఉంది, ఆమె కూడా లేదంది. "మన దగ్గర ఇలాంటివి లేవు, టాపిక్ మార్చుకో" అని గైడ్ గారు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
— విద్యార్థిని, కడప జిల్లా

టాపిక్ మార్చుకోకు తల్లీ, ప్రశ్న మార్చు.

గృహహింస అంటే ఆమె దృష్టిలో టీవీలో వచ్చే కేసు, పోలీసులు, కోర్టు. నిన్న రాత్రి పడిన చెంపదెబ్బ ఆ లెక్కలోకి రాదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు పేరు పెట్టి అడగరు, పనిని అడుగుతారు. నెట్టాడా? ఏదైనా విసిరాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టుకొని లాగాడా? చెంప మీద కొట్టాడా? తన్నాడా? గొంతు నులిమాడా? నీకు ఇష్టం లేకపోయినా బలవంతం చేశాడా? ఒక్కొక్కటి విడివిడిగా, తొందర లేకుండా. ప్రతిదానికీ ఎప్పుడైనా జరిగిందా, గత 12 నెలల్లో జరిగిందా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో బయటపెట్టిన పది దేశాల అధ్యయనం ఇలాగే చేసింది. బంగ్లాదేశ్, పెరూ, టాంజానియా, థాయ్‌లాండ్ లాంటి చోట్ల 24 వేల మందికి పైగా ఆడవాళ్లను అన్నిచోట్లా ఒకే తీరు ప్రశ్నలు అడిగారు. భర్త లేదా సహచరుడి చేతిలో ఎప్పుడైనా దెబ్బలో లైంగిక బలవంతమో అనుభవించామన్నవాళ్లు జపాన్ నగరంలో 15 శాతం, ఇథియోపియా పల్లెల్లో 71 శాతం. మన దగ్గర లేదు అనే మాట ఆ పది దేశాల్లో ఒక్కదానికీ చెల్లలేదని మీ గైడ్ గారికి మర్యాదగానే చెప్పు.

మన సంగతి ఇంకా విచిత్రం. 2019-21 సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా మొగుడు పెళ్లాన్ని కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి పోతే, పిల్లలను పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, కూర సరిగ్గా వండకపోతే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే, అలాంటివి. ఆంధ్రప్రదేశ్‌లో 84 శాతం మంది ఆడవాళ్లు ఏదో ఒకదానికి సబబేనన్నారు. దేశంలో అంతకన్నా ఎక్కువగా ఒప్పుకున్నవాళ్లు దాదాపు లేరు. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో, మొగుడి చేతిలో హింస జరిగిందని చెప్పినవాళ్లు 30 శాతం. సబబే అనుకున్న దెబ్బను దెబ్బగా చెప్పమంటే ఎందుకు చెబుతారు? నీ ప్రశ్నకు "లేదు" అన్నవాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు తక్కువే అయ్యుంటారు. వాళ్ల లెక్కలో నిజంగానే లేదు.

దేశం మొత్తం మీద దెబ్బలో బలవంతమో అనుభవించిన ఆడవాళ్లలో ఎక్కడో ఒకచోట సాయం అడిగినవాళ్లు 14 శాతమే. అడిగినవాళ్లూ ఎక్కువమంది పుట్టింటికే చెప్పుకున్నారు. డాక్టరుకో నర్సుకో చెప్పినవాళ్లు చాలా చాలా తక్కువ. నీ ఓపీలో ఆ వాచిన చెంప ఆమె ఎందుకు దాచిందో ఇక నేను చెప్పనక్కర్లేదు.

గైడ్ గారు "ఇది ఆరోగ్య శాఖ పనా, పోలీసు పనా?" అని కూడా అంటారు, రాసిపెట్టుకో. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని అధ్యయనాలూ కలిపి చూసింది. భర్త హింస అనుభవించిన ఆడవాళ్లకు తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ. అబార్షన్ దాకా వెళ్లే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ. డిప్రెషన్ దాదాపు రెట్టింపు. మన దేశానిదే ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, 2005-06 విడతలో హెచ్‌ఐవీ రక్తపరీక్షలు కూడా చేశారు. ఆ వివరాలతో 2008లో వచ్చిన పరిశోధనలో, దెబ్బలూ లైంగిక హింసా రెండూ ఉన్న భార్యల్లో హెచ్‌ఐవీ ఉండే అవకాశం హింస లేనివాళ్లతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు కనిపించింది. ఆ మొగుడే బయటి నుంచి జబ్బు తెస్తాడు, కండోమ్ పెట్టుకో అని అనగలిగే స్థితిలో ఆమె ఉండదు. బెంగళూరుకో, గుంటూరు మిరప తోటలకో వలసపోయి వచ్చే ఊళ్లలో పనిచేసిన ఏ నర్సయినా దీన్ని అంకెలు లేకుండానే చెప్పగలదు. అయితే థీసిస్‌కు అంకెలు కావాలి.

ఇక పని ఎలా చేయాలో చెబుతా, ఇది ముఖ్యం. మగవాళ్లతో అడిగించకు, ఆడవాళ్లే అడగాలి. వరండాలో బెంచీ మీద అడగకు. బరువు, బీపీ చూసే గదిలోకి ఒక్కొక్కరినే పిలిచే పద్ధతి ఎలాగూ ఉంది, దాన్ని వాడుకో. తోడొచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడితే ఆ రోజు ఆమెను అడగనే అడగకు, లిస్టులోంచి తీసెయ్. ఒక పేరు తగ్గితే నీ థీసిస్‌కు ఏమీ కాదు, తలుపవతల ఒకరు విన్నందుకు ఆమెకు రాత్రి ఏమవుతుందో నీకు తెలీదు. అధ్యయనానికి బయటికి చెప్పే పేరు "మహిళల ఆరోగ్యం, జీవిత అనుభవాలు" లాంటిదే ఉండాలి. ఈ జాగ్రత్తలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే రాసి పెట్టింది. మధ్యలో ఎవరైనా లోపలికొస్తే ఏం చేయాలో కూడా ఉంది. అది ఇక్కడ రాయను, ఈ పేజీ అత్తలూ, మొగుళ్లూ చదువుతారు. కాలేజీ ఎథిక్స్ కమిటీలో అడుగు.

గృహహింస అని అచ్చేసిన కరపత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. అది ఇంట్లో ఏ సంచిలోనో బయటపడితే అంతే. చిన్న కార్డు మీద 108, 104, 102, 181 నాలుగు నంబర్లూ కలిపి రాసివ్వు. అంబులెన్స్, ఆరోగ్య సలహా, తల్లీబిడ్డ వాహనం, వాటి మధ్యలో మహిళల హెల్ప్‌లైన్. ఎవరు చూసినా ఆసుపత్రి కార్డే. అడగడానికి ముందే, "అవును" అన్నవాళ్లను ఎక్కడికి పంపాలో నీకు తెలిసి ఉండాలి. హింసకు గురైన ఆడవాళ్లకు ఒకేచోట సాయం అందించే సఖి వన్ స్టాప్ సెంటర్ జిల్లా కేంద్రంలో ఉంది, అక్కడికి నువ్వే ఒకసారి వెళ్లి చూసి రా. ఎవరుంటారు, రాత్రి ఉండనిస్తారా, లాయరు వస్తారా కనుక్కో. పేర్లు ఒక పుస్తకంలో, జవాబులు ఇంకో పుస్తకంలో, రెంటినీ కలిపే నంబరు బీరువాలో.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు. వరసగా ఇవే వింటుంటే నీకూ నిద్ర పట్టదు. నా దగ్గర శిక్షణ తీసుకున్న అమ్మాయిల్లో కొందరు రెండో వారానికే ఇంటికి పోతామన్నారు. కొందరికి అవి తమ ఇంటి సంగతులే. రోజు ముగిశాక మాట్లాడుకోవడానికి ఒక మనిషిని పెట్టుకో.

*

ప్రశ్న: అక్కా, నాకు ఇద్దరాడపిల్లలు. రెండో పాపకు ఏడాదిన్నర. ఆయన మగపిల్లోడు కావాలంటాడు. నేను ఆశమ్మ దగ్గర మాత్రలు తెచ్చుకుంటే వెతికి కాలువలో పారేసినాడు. ఆపరేషన్ అంటే ఇంట్లో ఒప్పుకోరు. ఆయన నన్ను ఏనాడూ ఒక దెబ్బ వేయలేదు, తాగడు, మగ్గం కూలి తెచ్చి నా చేతికే ఇస్తాడు. మంచోడే. కానీ నాకు ఇంకో కాన్పు వద్దు. రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పింది. ఆయనకు తెలియకుండా ఏదైనా చేసుకుంటే తప్పా?
— పేరు వద్దన్న పాఠకురాలు, అనంతపురం జిల్లా

తప్పు కాదమ్మా.

ఆయన మంచోడు కాడని నేననను. కానీ మాత్రలు పారేయడం చిన్న పని కాదు. ఇలా గర్భం విషయంలో ఆడమనిషి చేతిలోంచి నిర్ణయం లాగేసుకోవడాన్ని పరిశోధకులు ఇప్పుడు హింస లెక్కలోనే వేస్తున్నారు. మాత్రలు దాచడం, ఆసుపత్రికి పోనీయకపోవడం, "కొడుకును కనకపోతే ఇంకొకతెను తెచ్చుకుంటా" అనడం, అన్నీ. దెబ్బ లేకుండానే జరుగుతుంది కాబట్టి చాలా ఏళ్లు ఎవరూ అడగలేదు. అన్నట్టు బిడ్డ ఆడా మగా అనేది తేలేది మగవాడి నుంచి వచ్చే కణాన్ని బట్టే. ఈ ముక్క ఆయనకు నచ్చజెప్పే ధైర్యం ఉన్న పెద్దమనిషి మీ బంధువుల్లో ఉంటే చెప్పించు.

ఇప్పుడు నీకు పనికొచ్చేవి. అంతర అనే ఇంజెక్షన్ ఉంది, మూడు నెలలకోసారి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఇంట్లో దాచుకోవాల్సింది ఏమీ ఉండదు. కానీ మూడు సంగతులు ముందే తెలుసుకో. ఒకటి, వేసుకున్నాక నెలసరి తప్పుతుంది, లేదా మధ్యమధ్య చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. జబ్బు కాదు, కానీ ఇంట్లో గమనిస్తారు. "రక్తం తక్కువ, మందులు వాడుతున్నా" అనే మాట నీ దగ్గర ఎలాగూ ఉంది. రెండు, ఇంజెక్షన్ తేదీలు రాసే కార్డు ఒకటిస్తారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లకు, ఏఎన్‌ఎం దగ్గరే ఉంచమను. మూడు, ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. ఇప్పుడు నీకు అదేం బెంగ కాదులే. కాపర్-టి కూడా ఉంది, ఐదేళ్లది, పదేళ్లది. అయితే దానికి సన్నని దారం ఉంటుంది, నెలసరి కొంచెం ఎక్కువ కావచ్చు. రక్తం తక్కువని చెప్పారు కాబట్టి నీకు ఏది సరిపోతుందో చూసి చెప్పమని డాక్టరమ్మనే అడుగు. ఆమెతో ఈ ఉత్తరంలో రాసిందంతా చెప్పు, కాలువ సంగతితో సహా.

మొగుడి సంతకం తెమ్మని ఎవరైనా అంటే, అక్కర్లేదని చెప్పు. ఇంజెక్షన్‌కు అక్కర్లేదు, కాపర్-టికి అక్కర్లేదు. ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఆపరేషన్‌కు కూడా భార్య గానీ భర్త గానీ రెండోవాళ్ల అనుమతి తప్పనిసరి కాదు. గర్భం వచ్చాక వద్దనుకున్నా, 1971 గర్భస్రావ చట్టం ప్రకారం 18 నిండిన ఆడమనిషి ఒక్క అనుమతే చాలు. 2021లో సవరించినప్పుడూ దీన్ని మార్చలేదు. అయినా కొన్నిచోట్ల "మీ ఆయన్ను తీసుకురా" అంటూనే ఉంటారు. అది వాళ్ల భయం, చట్టం కాదు.

నాకు ఒళ్లు మండే అంకె ఒకటి చెప్పి వదిలేస్తా. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా అది చిన్నది, తేలిక. ఇంజెక్షన్లు, కాపర్-టిలు ఇన్నున్నా మన దగ్గర ఎవరి నోట విన్నా ఆపరేషన్ మాటే. ఆ ఆపరేషన్ కూడా "కొడుకు పుట్టినాక" అనే షరతు మీద.

*

ప్రశ్న: మీ పత్రికలో ఎప్పుడు చూసినా మగవాళ్లదే తప్పు. నేను నా భార్యను కొట్టను. ఆడవాళ్లు కొట్టరా? ఈ సర్వేలు రాయలసీమను ఫ్యాక్షన్ అని, ఇప్పుడు ఇది అని చెడ్డపేరు తేవడానికే.
— కడప జిల్లా పాఠకుడు

కొట్టనందుకు సంతోషం నాయనా. ఆడవాళ్లనూ అడుగుతారు. మొగుడు చెయ్యి ఎత్తకముందే నువ్వు ఎప్పుడైనా కొట్టావా అని. దేశం మొత్తం మీద 4 శాతం మంది అవునన్నారు. దాచలేదు, అచ్చేశారు.

సీమకు చెడ్డపేరు అంటే, మొగుడి చేతిలో హింస జరిగిందని చెప్పిన ఆ 30 శాతం రాష్ట్రం మొత్తానిది. కర్ణాటకలో 44, తమిళనాడులో 38, తెలంగాణలో 37. మన రాష్ట్రంలో అంతకుముందు సర్వేలో 43 ఉండేది. కర్ణాటకలో అప్పుడు 20 పైన ఉన్నది ఇప్పుడు రెట్టింపైంది. నాలుగేళ్లలో ఇక్కడి మగవాళ్లు అంత మారిపోయి, హద్దు దాటితే కర్ణాటక పావగడలో అంత చెడిపోయారా? ఎవరు ఎలా అడిగారు, ఎవరు ధైర్యంగా చెప్పారు అన్నది కూడా ఆ అంకెల్లో కలిసి ఉంటుంది. కాబట్టి ఒక్క అంకె పట్టుకొని గర్వపడొద్దు, ఉడుక్కోవద్దు.

*

ప్రశ్న: నేను పొదుపు సంఘం లీడర్‌ని. లోన్లు వస్తున్నాయి, గేదెలు కొన్నారు, టైలరింగ్ మిషన్లు తెచ్చుకున్నారు. కానీ దెబ్బలు తినేవాళ్లు తింటూనే ఉన్నారు. కొందరికి లోను వచ్చినాకే ఎక్కువైంది, డబ్బులు తాగుడికి ఇమ్మని. డబ్బు చేతికొస్తే విలువ పెరుగుతుందన్నారు కదా మేడమ్?
— కర్నూలు జిల్లా

మీరు చూసింది నిజమే. బంగ్లాదేశ్‌లో రెండు ప్రాంతాల్లో చేసి 2003లో అచ్చయిన అధ్యయనంలో ఇదే తేలింది. ఆచారాలు బిగువుగా ఉన్న చోట అప్పు సంఘంలో కొత్తగా చేరిన ఆడవాళ్లకు దెబ్బల ముప్పు ఎక్కువైంది. రెండో ప్రాంతంలో అలా లేదు.

దక్షిణాఫ్రికాలో లింపోపో అనే ప్రాంతంలో అప్పులతో పాటు ఇంకొకటి కలిపారు. లోను మీటింగుల్లోనే కూర్చోబెట్టి కాపురం, దెబ్బలు, హెచ్‌ఐవీ గురించి వరసగా క్లాసులు పెట్టారు. తర్వాత ఊళ్లో మగవాళ్లను, కుర్రవాళ్లను కలుపుకొని పనిచేశారు. 2006లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లకు ఆ ఆడవాళ్లపై హింస 55 శాతం తగ్గింది. హెచ్‌ఐవీ మాత్రం తగ్గలేదు, అదీ చెప్పాలి. ఉగాండా రాజధాని కంపాలాలో అప్పులేమీ లేకుండానే, పేటల్లో ఆడా మగా వాలంటీర్లు మూడేళ్లు ఇంటింటికీ తిరిగి మాట్లాడితే దెబ్బలు సగానికి సగం తక్కువగా కనిపించాయి. అది 2014లో అచ్చయింది.

మన సంఘాలకు నెలనెలా మీటింగు ఉంది, రిజిస్టరు ఉంది, ఒకరినొకరు ఎరిగిన మనుషులున్నారు. లేనిది మగవాళ్లతో మాట్లాడేవాళ్లు. మీటింగులో ఒకామెను లేపి "నీ మొగుడు కొడతాడంట కదా" అని మాత్రం అడగొద్దు. అది సాయంత్రానికి ఆయన చెవిన పడుతుంది. తాగుడు సంగతి అందరి ముందూ మాట్లాడొచ్చు, అది ఎవరి ఇంటి గుట్టూ కాదు. 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద తరచూ తాగి వచ్చే మొగుళ్లున్న ఆడవాళ్లలో 70 శాతం మంది హింస చూశారు, తాగనివాళ్ల భార్యల్లో 23 శాతం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద పోరాటం మొదలుపెట్టింది అక్కడి నుంచే. ఆ 23ను కూడా చూడండి. తాగుడు మానిపిస్తే అంతా సరిపోతుందని ఎవరైనా స్పీచ్ ఇస్తే ఆ అంకె చెప్పండి.

*

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా ఊళ్లో ఒక గర్భిణికి మెడ మీద, చేతుల మీద కమిలిన మచ్చలు చూశాను. పంపు కొట్టేటప్పుడు పడ్డానంటుంది. ఆధార్‌లో 19, కానీ ఆ పిల్లకు 17 కూడా నిండలేదని నాకు తెలుసు. చెబితే కేసు అవుతుంది, రేపటి నుంచి ఊళ్లో ఎవరూ నన్ను ఇంట్లోకి రానీయరు, ఆసుపత్రికీ పోరు. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.
— కర్నూలు జిల్లా

మీ భయం వట్టిది కాదు. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. కేసు భయంతో పదిహేడేళ్ల పిల్లలు చెకప్‌లకు దూరంగా ఉండిపోవడం మనం అందరం చూస్తున్నదే.

ముందు ఆ పిల్లతో. ఒంటరిగా దొరికినప్పుడే అడగండి. కొట్టాడా అని నిలదీయకుండా, "ఇలాంటి దెబ్బలు నేను చాలామంది దగ్గర చూశా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా" అనండి. చెబితే వినండి, నమ్మండి, నీ తప్పు కాదనండి. ఈ రాత్రికి ఇంటికి పోవడం భయంగా ఉందా, కడుపు మీద కొట్టాడా, గొంతు పట్టుకున్నాడా అని అడగండి. మెడ మీద మచ్చ అన్నారు చూడండి, గొంతు నులమడం అన్నిటికన్నా ప్రమాదం. అదే అయితే ఆగొద్దు, 108 పిలవండి, ఆసుపత్రిలో చేర్చండి. చెప్పకపోతే బలవంతం చేయొద్దు, మళ్లీ వస్తానని వెళ్లండి.

"ఎవరికీ చెప్పను" అనే మాట మాత్రం ఇవ్వకండి. 18 లోపు పిల్ల కాబట్టి, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పి తీరాలని అందులో ఉంది. మొగుడే కదా అనే మినహాయింపు 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. అయితే ఆ బరువు మీరొక్కరే మోయొద్దు. నేరుగా మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ఏఎన్‌ఎం కూడా ఉండగా చెప్పండి. దెబ్బలు కేస్ షీట్‌లో రాయమనండి, ఎక్కడ, ఎంత, ఏ రంగులో అని. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. సమాచారం ఆసుపత్రి నుంచి వెళ్తే ఊళ్లో మీ పేరు రాదు, ఆ సంగతి డాక్టరుతో ముందే గట్టిగా మాట్లాడుకోండి.

లాయరు కావాలంటే ఆ పిల్ల పుట్టింటివాళ్లు డబ్బు వెతుక్కోనక్కర్లేదు. ఆదాయం ఎంతైనా ఆడవాళ్లకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, దాని ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఈలోగా ఆమె హైరిస్క్ గర్భిణి. పదిహేడేళ్లు, మీద దెబ్బలు. ఐరన్ మాత్రలు, బీపీ, స్కానింగ్, ఏదీ తప్పనీయకండి.